ప్రియాన్ ప్రోటీను – కణత్వచమునుండి దాని విడుదల

ఖమ్మం జిల్లా కుసుమంచి ప్రాంతమున గొర్రెలను మేపువారికి మందకు వచ్చు జబ్బులు చాలవరకు తెలియును. చిటుక రోగము, బొబ్బ రోగము, నీలినాలుక, గాలికుంటు మొదలైన పేర్లు వారి నోట తరచుగా వినబడును. ఈ జబ్బులన్నియు బాక్టీరియాలవలన గాని, వైరసులవలన గాని కలుగునవి. బాక్టీరియా యైనను, వైరసైనను తన సంతతిని పెంచుకొనుటకు కేంద్రకామ్లము అను పదార్థమును తప్పక కలిగియుండును. కేంద్రకామ్లము లేనిదే ఏ రోగకారకమును వృద్ధిచెందజాలదని శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకమును తలక్రిందులు చేసినది కూడ ఒక గొర్రెల జబ్బే.

ఆ జబ్బు పేరు స్క్రేపీ. ఇది సోకిన గొర్రె దురద భరింపలేక గుంజలకును, గోడలకును ఒళ్లు రాచుకొనును. ఉన్ని ఊడిపోవును. నడక తూలును. కొన్ని మాసములలో అది చనిపోవును. ఐరోపాలో ఈ జబ్బు 18వ శతాబ్దినుండి తెలిసినదే. మనదేశములో హిమాలయ పాదప్రాంతపు గొర్రెలలో ఇది ఉన్నట్లు జ్లాట్నిక్, కటియార్ అనువారు 1961లో ప్రకటించిరి. మనుష్యులకు వచ్చు క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ జబ్బు, న్యూగినీ ద్వీపములోని ఫోరే జాతివారిని పీడించిన కూరూ, 1986లో బ్రిటనులో గుర్తింపబడి లక్షా ఎనుబదివేలకు పైగా పశువులకు సోకిన పిచ్చి ఆవు జబ్బు – ఇవన్నియు ఈ కోవలోనివే. వీనియందు మెదడు క్రమముగా స్పంజివలె చిల్లులు పడును. వీనిలో ఏ జబ్బును నయముచేయు మందు నేటివరకు లేదు.

ఈ జబ్బులన్నింటికిని మూలము ప్రియాన్ ప్రోటీను. విశేషమేమనగా, ఈ ప్రోటీను ఆరోగ్యవంతులైన మనుష్యులందరి మెదడులోను ఉన్నది. నాడీకణముల పైపొరకు అది ఒక లంగరుతో కట్టబడి ఉండును. కణము అప్పుడప్పుడు దానిని కోసి వెలుపలికి విడుచును. ఈ కోత జబ్బును అడ్డుకొనునా, లేక జబ్బును వ్యాపింపజేయునా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టి చికిత్స యొక్క దారి నిర్ణయము కావలసియున్నది.

ఆకారము మారిన ప్రోటీను

1967లో లండనులో టిక్వా ఆల్పర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును స్క్రేపీ సోకిన మెదడు పదార్థముపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసిరి. కేంద్రకామ్లములను చెరచు మోతాదులో కిరణములు సోకినను ఈ రోగకారకము చెక్కుచెదరలేదు. దీని వృద్ధికి కేంద్రకామ్లమే అక్కరలేదేమో యని వారు సూచించిరి. 1982లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ ప్రూసినర్ ఈ రోగకారకము ప్రోటీనుతో ఏర్పడినదని ప్రకటించి, దానికి ప్రియాన్ అని పేరు పెట్టెను. చాలమంది శాస్త్రజ్ఞులు ఈ మాటను వెంటనే ఒప్పుకొనలేదు. 1985లో ఈ ప్రోటీనును తయారుచేయు జన్యువు దొరకినది. అది బయటినుండి వచ్చిన జన్యువు కాదు. జంతువు స్వంత జన్యువే. మానవునిలో అది 20వ క్రోమోజోముపై ఉన్నది. ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమానము లభించెను.

ఆరోగ్యవంతునిలోని ప్రియాన్ ప్రోటీనుకును, రోగిలోని ప్రియాన్ ప్రోటీనుకును ఆమినో ఆమ్లముల వరుసలో భేదము ఉండనక్కరలేదు. భేదమంతయు మడతలో ఉన్నది. సాధారణ రూపములో గొలుసు కొంతభాగము మరమేకు చుట్లవలె తిరిగియుండును. రోగరూపములో అదే గొలుసు పట్టెలుగా పరచుకొని, ఒకదానిపై నొకటి పేర్చిన దొంతరవలె ఏర్పడును. ఈ దొంతరను ప్రోటీనులను జీర్ణించు ఎంజైములు కూడ సులభముగా విడగొట్టలేవు.

రోగరూపము ఎట్లు పెరుగును? చిక్కని పంచదార పాకములో ఒక దారమును వ్రేలాడదీసి, దానికి చిన్న చక్కెర పలుకును అంటించినచో, పాకములోని చక్కెర ఆ పలుకుపై పేరుకొని పటికబెల్లముగా మారును. అట్లే రోగరూప ప్రోటీనును తాకిన సాధారణ ప్రోటీను దాని ఆకారమును పొంది, దానిపై పేరుకొనును. దీనిని పాలలో తోడు వేయుటతో పోల్చవలెనని తోచవచ్చును. కాని తోడులో ప్రాణముగల బాక్టీరియాలు ఉన్నవి. అవి తమంతట తామే పెరిగి పాలను పులియబెట్టును. ప్రియానులో ప్రాణముగలది ఏదియు లేదు. కావున పటికబెల్లపు పోలికయే సరియైనది.

ఈ పోలికలో ఒక ముఖ్యవిషయము ఇమిడియున్నది. పలుకు పెరుగవలెనన్నచో పాకము కావలెను. పాకము లేనిచో పలుకు ఎంతకాలమున్నను పలుకుగానే ఉండును. 1992లో జ్యూరిచ్ నగరమున చార్లెస్ వైజ్‌మన్ బృందమువారు ప్రియాన్ జన్యువు పనిచేయని చిట్టెలుకలను సృష్టించిరి. వానికి స్క్రేపీ పదార్థమును ఎక్కించినను జబ్బు రాలేదని 1993లో వారు ప్రకటించిరి. అనగా సాధారణ ప్రోటీను ఈ జబ్బులకు పాకమువంటిది. అందువలననే ఆ ప్రోటీను కణముపై ఎంత ఉన్నది, ఎట్లు నిలిచియున్నది, ఎట్లు విడిపోవుచున్నది అను ప్రశ్నలకు అంత ప్రాముఖ్యము వచ్చినది.

కణపు ఒడ్డున కట్టిన పడవ

మానవునిలో ప్రియాన్ ప్రోటీను మొదట 253 ఆమినో ఆమ్లముల గొలుసుగా తయారగును. మొదటి 22 ఆమ్లములు ఉత్తరముపై వ్రాసిన చిరునామావంటివి. అవి గొలుసును కణములోని అంతర్జీవద్రవ్య జాలమునకు చేర్చి, తెగిపోవును. చివరి 23 ఆమ్లములు కూడ తొలగింపబడును. తెగినచోట, అనగా 230వ ఆమ్లమునకు, ఒక లంగరు అతుకబడును. మిగిలిన 208 ఆమ్లముల ప్రోటీను గాల్జీ భాగములగుండ ప్రయాణముచేసి కణము ఉపరితలమును చేరును. దారిలో దానికి రెండుచోట్ల చక్కెర కొమ్మలు చేరవచ్చును. ప్రోటీను మొదటి సగము వదులుగా ఊగు తోకవంటిది. అది రాగి అయానులను పట్టుకొనగలదు. రెండవ సగము ముద్దగా మడిగియుండును.

కణత్వచము రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడినది. దాని మందము సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతును నానోమీటరు అందురు. ఇంత పలుచని త్వచమును ప్రోటీనులు రెండువిధములుగా ఆశ్రయించి ఉండును. కుసుమంచి మండలములోని పాలేరు జలాశయపు ఒడ్డును మనస్సునకు తెచ్చుకొనినచో ఈ భేదము తేలికగా బోధపడును. ఒడ్డున పాతిన గుంజ నేలలోనికి లోతుగా దిగియుండును. ఒడ్డున కట్టిన పడవ అట్లు కాదు. ఒక మేకు మాత్రమే నేలలో దిగియుండును. దానికి త్రాడు, త్రాటి చివర నీటిపై తేలుచున్న పడవ. కొన్ని ప్రోటీనులు గుంజవలె త్వచమును ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు చీల్చుకొని నిలుచును. ప్రియాన్ ప్రోటీను పడవవంటిది. ఒడ్డు కణత్వచము; నీరు కణముల మధ్యనుండు ద్రవము.

ఈ పోలికలో మేకు అనదగినవి రెండు కొవ్వు తోకలు. అవి త్వచపు పైవరుసలో మాత్రమే గ్రుచ్చుకొనియుండును. వానికి ఒక ఫాస్ఫేటు, దానిని అంటి ఇనోసిటాలు అను చక్కెరవంటి వలయము ఉన్నవి. అచ్చటినుండి త్రాడు ప్రారంభమగును. ఒక గ్లూకోజమైను, మూడు మానోజులు, తరువాత ఫాస్ఫేటుతో కూడిన ఇథనోలమైను వరుసగా కూడి, చివరకు ప్రోటీనును అంటుకొనును. దీనికి గ్లైకోసిల్ ఫాస్ఫటిడైల్ ఇనోసిటాలు లంగరు అని పేరు. క్లుప్తముగా జి.పి.ఐ. లంగరు అందురు. మానవ శరీరమున 150కి పైగా ప్రోటీనులు ఇట్టి లంగరుతోనే కణములకు కట్టబడియున్నవి.

ఈ లంగరు పూర్తి నిర్మాణము మొదట తెలిసినది మెదడు కణములలో కాదు. ఆఫ్రికాలో నిద్రజబ్బును కలిగించు ట్రిపనోసోమా అను ఏకకణజీవిలో. ఆ జీవిని కప్పియుండు సుమారు కోటి ప్రోటీను అణువులును ఈ లంగరుతోనే నిలిచియుండును. వాని లంగరు నిర్మాణమును ఫెర్గుసన్, ఆయన సహచరులు 1988లో వెల్లడించిరి. ఈ జీవి మన రైతులకు బొత్తిగా పరాయిది కాదు. జోరీగలు కుట్టుటవలన గుర్రములకు, పశువులకు వచ్చు సర్రా జబ్బును, అనగా తెబర్స జబ్బును, కలిగించునది దీని దాయాదియే. దానిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అవిభక్త భారతదేశపు వాయవ్య భాగమున కనుగొనెను.

త్వచముల రసాయనశాస్త్రమునకు తెలుగువారి సేవయు కలదు. త్వచపు కొవ్వులలో భాస్వరము ఒక ప్రధాన ద్రవ్యము. అతిస్వల్పమైన భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరుడు సైరస్ ఫిస్కే 1925లో ప్రకటించిరి. త్వచపు కొవ్వులను కొలుచుటకు కొద్ది మార్పులతో ఈ పద్ధతినే తరువాతివారు వాడుకొనిరి.

బాక్టీరియా ఇచ్చిన కత్తెర

ప్రియాన్ ప్రోటీనుకు ఇట్టి లంగరు ఉన్నట్లు ఎట్లు తెలిసినది? దానిని కోసి చూచుటవలననే తెలిసినది. కొన్ని బాక్టీరియాలు ఫాస్ఫోలైపేజు-సి అను ఎంజైమును తయారుచేయును. ఇది కొవ్వునకును ఫాస్ఫేటుకును మధ్యనున్న బంధమును తెంచును. అనగా త్రాటిని సరిగా మేకువద్ద కోయును. మేకు ఒడ్డులోనే మిగులును. పడవ త్రాటితో సహా నీటిలోనికి పోవును. ఈ ఎంజైమును తాకించినపుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజు అను మరొక ప్రోటీను కణత్వచమునుండి విడిపోవునని 1976లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెజావా, ఆయన సహచరులు చూపియుండిరి. 1987లో ప్రూసినర్ ప్రయోగశాలలో నీల్ స్టాల్, ఆయన సహచరులు ప్రియాన్ ప్రోటీనుపై ఇట్టి పరిశోధనయే చేసి, దానికిని జి.పి.ఐ. లంగరు ఉన్నదని రుజువుచేసిరి.

ఆ తరువాత మరొక విషయము బయటపడినది. ఈ కత్తెర సాధారణ ప్రోటీనును కణమునుండి సులభముగా విడిపించును. రోగరూప ప్రోటీనును మాత్రము అట్లు విడిపించలేదు. దొంతరగా పేరుకొనిన రూపమున లంగరు కత్తెరకు అందక పోవుటయో, త్రాడు తెగినను దొంతర విడిపోక నిలుచుటయో దీనికి కారణము కావచ్చును.

1991లో కౌఘీ, రేమండ్ అనువారు ఇంకొక ముందడుగు వేసిరి. స్క్రేపీ సోకిన కణములను గాజుపాత్రలలో పెంచుచు, వానిపైనున్న సాధారణ ప్రోటీనును ఈ ఎంజైముతో తొలగించిరి. అపుడు ఆ ప్రోటీనునుండి రోగరూపము తయారగుట నిలిచిపోయెను. ఇందువలన రెండు సంగతులు తెలిసినవి. ఆకారము మారుటకు ముందు ప్రోటీను కణము ఉపరితలమును తప్పక చేరుచున్నది. అచ్చటినుండి దానిని సకాలమున తప్పించినచో మార్పు జరుగదు. చికిత్సకు సంబంధించిన ఆశ మొలకెత్తినది ఇచ్చటనే.

కణము స్వంత కత్తెరలు

బాక్టీరియా ఎంజైము ప్రయోగశాలలోని సాధనము మాత్రమే. మరి మన కణములు తమంతట తాము ఈ ప్రోటీనును విడుచునా? విడుచును. అందుకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది, లంగరు ప్రక్కనే కోత. ఈ పని చేయునది ఏడామ్-10 అను ఎంజైము. ఇది తానును కణత్వచమునందు గుంజవలె పాతుకొనియుండు ప్రోటీనే. దాని కోతభాగములో యశదము, అనగా జింకు, ఒక అయానుగా ఉండును. చిట్టెలుక ప్రియాన్ ప్రోటీనును ఇది 228వ ఆమినో ఆమ్లము తరువాత కోయునని 2009లో బ్రిటనుకు చెందిన టేలర్, హూపర్ మొదలైనవారు ప్రకటించిరి. బాక్టీరియా కత్తెర త్రాటిని మేకువద్ద కోసినచో, ఈ కత్తెర పడవ ముక్కువద్ద కోయుననవచ్చును. త్రాడును, మేకును, పడవ ముక్కుకొనయు ఒడ్డుననే మిగులును. దాదాపు పూర్తి ప్రోటీను తన మడత చెడకుండ వెలుపలి ద్రవములో కలియును.

ఏడామ్-10 ప్రియాన్ ప్రోటీనుకు మాత్రమే నియమింపబడిన ఎంజైము కాదు. శిశువు గర్భములో పెరుగునపుడు కణములకు సంకేతములు అందించు నాచ్ అను ప్రోటీనును, అల్‌జైమర్ జబ్బుతో సంబంధముగల మరొక ప్రోటీనును కూడ అది కోయును. ఈ ఎంజైము బొత్తిగా లేని చిట్టెలుకలు పిండదశలోనే చనిపోవును. అందుచేత పరిశోధకులు నాడీకణములనుండి మాత్రమే దానిని తొలగించు ఉపాయమును కనుగొనిరి. అట్టి చిట్టెలుకలలో ప్రియాన్ ప్రోటీను విడుదల ఆగిపోయి, కణములలో దాని పరిమాణము పెరిగెనని జర్మనీలోని హాంబర్గు నగరమున ఆల్ట్‌మెప్పెన్, గ్లాట్జెల్ బృందమువారు 2011లో ప్రకటించిరి. దీనితో మెదడులో ప్రధాన కత్తెర ఇదియే యని తేలినది.

రెండవ మార్గము, ప్రోటీను నడిమిభాగమున కోత. 110వ ఆమినో ఆమ్లము ప్రాంతమున గొలుసు రెండగును. వదులుగా ఊగు తోక విడిపోయి వెలుపలికి పోవును. మడిగియున్న ముద్దభాగము లంగరుతో కణముపైననే మిగులును. ఈ కోత ఏ ఎంజైము పని అను విషయమున పరిశోధకులలో ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు. ఇట్లు మిగిలిన సగము ప్రోటీను రోగరూపముగా మారజాలదు. పైగా మార్పునకు అడ్డువచ్చును.

మూడవ మార్గములో కోతయే లేదు. కణము లోపల తయారగు అతిసూక్ష్మమైన కొవ్వు బుడగలు వెలుపలికి విడుదలగును. వీనిని ఎక్సోసోములు అందురు. ప్రియాన్ ప్రోటీను తన లంగరుతో సహా వీనిపై ఎక్కి బయటపడును. పడవను కట్టిన మేకుతోబాటు ఒడ్డు ముక్కయే విరిగి నీటిలో కొట్టుకొనిపోయినట్లు దీనిని ఊహించుకొనవచ్చును. 2004లో ఫ్రాన్సుకు చెందిన ఫెవ్రియే మొదలైనవారు ఇట్టి బుడగలపై సాధారణ రూపమే గాక రోగరూపము కూడ ఉండి, జబ్బును సోకించగలుగుచున్నదని చూపిరి.

కోత మేలా, కీడా?

ఇపుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. కణముపై సాధారణ ప్రోటీను తగ్గినచో పాకము తగ్గినట్లే గదా! కత్తెర ఎక్కువగా పనిచేసినచో జబ్బు ఆలస్యము కావలెను. 2009లో ఎండ్రెస్, ఆమె సహచరులు ఏడామ్-10ను అధికముగా తయారుచేయు చిట్టెలుకలకు స్క్రేపీని సోకించిరి. వాని మెదడులో సాధారణ ప్రియాన్ ప్రోటీను తక్కువగా ఉండెను. జబ్బు బయటపడుటకు మామూలుకన్న ఎక్కువ కాలము పట్టెను. 2015లో హాంబర్గు బృందమువారు దీనికి ఎదురు పరీక్షను జరిపిరి. నాడీకణములలో కత్తెర లేని చిట్టెలుకలకు ప్రియానులను ఎక్కించిరి. అవి త్వరగా జబ్బుపడెను. రోగరూప ప్రోటీను వానిలో ఎక్కువగా పోగుపడెను. ఇంతవరకు రెండు ప్రయోగములును ఒకే మాట చెప్పుచున్నవి: కోత మేలుచేయును.

కాని 2015 ప్రయోగములోనే మరొక సంగతియు కనబడెను. కత్తెర లేని మెదడులో జబ్బు మార్పులు ఒకచోటినుండి దూరపు భాగములకు వ్యాపించుట తగ్గెను. అనగా కోసి విడువబడిన ప్రోటీనుకు జబ్బును ఒక కణమునుండి మరొక కణమునకు చేరవేయుటలో పాత్ర ఉండవచ్చును. తెగిన పడవ ఒడ్డునకు భారము తగ్గించినది. కాని అది కొట్టుకొనిపోయి ఎచ్చట తగులుకొనునో చెప్పలేము.

లంగరే లేకున్న ఏమగును అను ప్రశ్నకు అమెరికాలోని రాకీ మౌంటెన్ ప్రయోగశాలలో సమాధానము వెదకిరి. అచ్చట బ్రూస్ చెసెబ్రో బృందమువారు లంగరు అతుకబడని ప్రియాన్ ప్రోటీనును తయారుచేయు చిట్టెలుకలను రూపొందించి, వానికి స్క్రేపీని సోకించిరి. 2005లో వెలువడిన ఫలితములు అందరిని ఆశ్చర్యపరచెను. ఆ చిట్టెలుకల మెదడులో రోగరూపము గడ్డలుగా పేరుకొనెను. ఆ మెదడు పదార్థము ఇతర జంతువులకు జబ్బును సోకించెను. అయినను ఆ చిట్టెలుకలలో మామూలు స్క్రేపీ లక్షణములు కనబడలేదు. లంగరులేని ప్రోటీనును ఎక్కువగా తయారుచేయు చిట్టెలుకలు చాలకాలమునకు వేరొక తీరు జబ్బుతో చనిపోయెనని అదే బృందమువారు 2010లో తెలిపిరి.

ఈ ఫలితములను కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. రోగరూపము పోగుపడుట వేరు. కణమునకు హాని కలుగుట వేరు. నాడీకణము త్వరగా దెబ్బతినుటకు ప్రోటీను దాని త్వచమునకు కట్టబడియుండుట ముఖ్యము. త్వచమునుండి విడిపోయిన ప్రోటీను ఆ కణమునకు చేయు హాని తక్కువ. కాని అది బొత్తిగా నిరపాయమైనదని చెప్పుటకు వీలులేదు.

విడుదలైన ప్రోటీను శరీరమునకు ఉపకారము కూడ చేయుచున్నది. నాడీతంతువుల చుట్టును విద్యుత్తు తీగపై తొడుగువలె మైలిన్ అను పొర ఉండును. ప్రియాన్ ప్రోటీను లేని చిట్టెలుకలలో ఈ తొడుగు వయస్సుతోబాటు చెడిపోవును. నాడీతంతువులనుండి విడిపోయిన ప్రియాన్ తోకభాగము తొడుగు కణములపైనున్న ఒక గ్రాహకమును తాకి, తొడుగును కాపాడుమని సంకేతము పంపుచున్నదని 2016లో జ్యూరిచ్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున కణము ఈ ప్రోటీనును విడుచుట కేవలము చెత్తను పారవేయుట కాదు. పొరుగు కణమునకు కబురు పంపుట కూడ.

అల్‌జైమర్ జబ్బుతో దీనికి మరొక సంబంధము కలదు. ఆ జబ్బులో ఏర్పడు విషపూరితమైన చిన్న ప్రోటీను ముద్దలు నాడీకణముపైనున్న ప్రియాన్ ప్రోటీనును పట్టుకొని హాని కలిగించుచున్నవని 2009లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కోసి విడువబడిన ప్రియాన్ ప్రోటీను అట్టి ముద్దలను వెలుపలనే పట్టి, కణమునకు దూరముగా ఉంచగలదని తరువాతి ప్రయోగములు సూచించుచున్నవి. ఒడ్డున ఉన్నపుడు శత్రువును లోనికి దింపు పడవ, త్రాడు తెగినపుడు శత్రువును నడినీటిలో నిలిపివేయుచున్నదన్నమాట.

చికిత్సకు దారి

కోతను ఎక్కువచేయవలెనన్నచో ఏడామ్-10ను శరీరమంతట ఉత్తేజపరచిన చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. అట్లు చేయుట ప్రమాదకరము. ఆ కత్తెర అనేక ప్రోటీనులను కోయునని పైన చెప్పియుంటిమి. ఒక పడవను విడిపించుటకై ఒడ్డునగల పడవలన్నింటి త్రాళ్లను తెంచరాదు. 2021లో లిన్సెన్‌మైయర్, ఆల్ట్‌మెప్పెన్ మొదలైనవారు ఇంతకన్న మెలకువగల ఉపాయమును తెలిపిరి. ప్రియాన్ ప్రోటీనుకే అంటుకొను కొన్ని ప్రతిరక్షకములను కణములకు చేర్చినపుడు, ఏడామ్-10 ఆ ప్రోటీనును మునుపటికన్న ఎక్కువగా కోయుచున్నదని వారు కనుగొనిరి. ఇచ్చట కత్తెరను మార్చలేదు. కోయవలసిన త్రాటిని మాత్రము కత్తెరకు అందునట్లు చేసిరి. ఇది ఇంకను ప్రయోగశాలలోని ఫలితమే. రోగులకు ఇచ్చు మందు కాలేదు.

పాకమునే తగ్గించు మరొక మార్గమును కూడ పరిశోధకులు పట్టిరి. ప్రియాన్ జన్యువు సందేశమును కణములోనే అడ్డగించి, ప్రోటీను తయారగుటను తగ్గించు ఔషధములు చిట్టెలుకల ఆయుర్దాయమును పెంచినవి. అట్టి ఔషధమొకటి మనుష్యులపై పరీక్షల దశకు చేరినది.

మనదేశమున తెలిసికొనవలసినవి

క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ జబ్బు ప్రపంచమంతట ఏటా పదిలక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 8.46 కోట్ల జనులు ఉండిరి. ఈ లెక్కన రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి ఏటా ఎనుబదిమందికి తక్కువ కాకుండ ఈ జబ్బు రావలసియున్నది. కొలది మాసములలోనే మతి తప్పుట, నడక తూలుట, కాలుచేతులు ఉలికిపడుట దీని లక్షణములు. వీనిని వార్ధక్యమనియో, మరొక మెదడు జబ్బనియో భావించుటవలన కొన్ని కేసులు గుర్తింపునకు రాకపోవచ్చును. మనదేశమున ఈ జబ్బును గూర్చిన పరిశీలనలో బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ ముఖ్యపాత్ర వహించినది. 1971 నుండి 1990 వరకు దేశమున గుర్తింపబడిన కేసులపై సమీక్ష 1991లో వెలువడెను.

ఈ జబ్బును గూర్చి భయము కన్న అవగాహన ముఖ్యము. రోగిని తాకినందువలన గాని, ప్రక్కన కూర్చుండినందువలన గాని ఇది సోకదు. రోగులలో అధికసంఖ్యాకులకు ఇది ఏ కారణమును కనబడకుండ దానంతటదే వచ్చును. కొద్దిమందికి జన్యువులోని మార్పువలన వంశపారంపర్యముగా వచ్చును. స్క్రేపీ సోకిన గొర్రె మాంసమువలన మనుష్యులకు జబ్బు వచ్చినట్లు రుజువులేదు. పిచ్చి ఆవు జబ్బు విషయములో మాత్రము 1996లో బ్రిటనులో మనుష్యులకును సోకినట్లు తేలినది. ఆ జబ్బు ప్రమాదము నామమాత్రముగానున్న దేశముల వరుసలో మనదేశమును ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో చేర్చినది.

జాగ్రత్త అవసరమైనచోటు శస్త్రచికిత్సాలయము. ప్రియాన్ రూపము మామూలుగా నీళ్లు కాచుటవలన నశించదు. రోగి మెదడును తాకిన పనిముట్లను సాధ్యమైనచో మరల వాడరాదు. వాడవలసివచ్చినచో గాఢమైన క్షారముతోను, 134 డిగ్రీల సెంటీగ్రేడు ఒత్తిడి ఆవిరిలో 18 నిమిషములు ఉంచియు శుద్ధిచేయవలెను.

జీవశాస్త్ర పాఠములలో ప్రోటీనును గూర్చి చెప్పునపుడు ఆమినో ఆమ్లముల వరుసకే ప్రాధాన్యమిచ్చుట వాడుక. ప్రియాన్ ప్రోటీను ఆ పాఠమునకు మరి రెండు సంగతులను చేర్చుచున్నది. వరుస ఒకటే యైనను మడత మారినచో ప్రోటీను స్వభావము మారును. మడత ఒకటే యైనను, ప్రోటీను ఉన్నచోటు మారినచో దాని ఫలితము మారును. త్వచమునకు కట్టబడినపుడు ఒక విధముగాను, విడిపోయినపుడు మరొక విధముగాను అది ప్రవర్తించుచున్నది. లంగరు ప్రక్కన పడు ఆ చిన్నకోతను, దాని మేలు నిలిచి కీడు తొలగునట్లు, ఎచ్చట, ఎంత, ఎపుడు జరుపవలెనో తెలిసికొనుటయే ఇపుడు పరిశోధకుల ముందున్న పని.